మావాడి స్ట్రైకౌట్లు, జాక్సన్ హాలిడే స్ట్రైకౌట్లు

2024 ఏప్రిల్‌లో మా ఇంట్లో ఇద్దరు కుర్రాళ్ళ బ్యాటింగ్ గురించి టెన్షన్ పడ్డాం. ఒకడు మావాడు. అప్పటికి తొమ్మిదేళ్ళు, మేరీలాండ్‌లో మేముండే ఊళ్ళో పిల్లల లీగ్‌లో బేస్‌బాల్ ఆడుతున్నాడు. రెండోవాడు బాల్టిమోర్ ఓరియోల్స్‌కి ఆడే జాక్సన్ హాలిడే, ఇరవయ్యేళ్ళవాడు. రెండోవాడి కష్టంతో నాకు సంబంధం లేదు గానీ మొదటివాడి కష్టానికి కారణం నేనే. అది ముందే ఒప్పేసుకుంటున్నాను.

నేను తెనాలిలో కార్క్ బంతితో క్రికెట్ ఆడి పెరిగినవాణ్ణి. బేస్‌బాల్ అంటే చేతిలో కర్ర, గుండెల్లో ధైర్యం ఉంటే చాలనుకునేవాణ్ణి. ముందు ఏడాది మావాడు కోచ్ నెమ్మదిగా వేసే బంతుల్ని బాగానే బాదాడు. అది చూసి నాకు ఆశ పుట్టింది. వాడి వయసుకన్నా పైనున్న డివిజన్‌లో, పదకొండేళ్ళ పిల్లలు బంతులు విసిరే చోట వెయ్యమని లీగ్‌కి మెయిల్ పెట్టాను. డబుల్ ప్రమోషన్ అంటే మనవాళ్ళకుండే మోజు తెలిసిందే కదా. ఖాళీ ఉన్నట్టుంది, వాళ్ళు సరేనన్నారు.

మొదటి నాలుగు ఆటల్లో మావాడి బ్యాట్‌కి బంతి తగల్లేదు. అయిదో ఆటలో బంతే వాడికి తగిలింది, పక్కటెముకల మీద. పెద్ద దెబ్బేం కాదు, సాయంత్రానికి తగ్గిపోయింది. కానీ ఆ తర్వాత పిచ్చర్, అంటే బంతి విసిరేవాడు, చెయ్యి ఎత్తగానే వీడి ముందు కాలు పక్కకి జరిగిపోయేది. మా ఊళ్ళో ఇలాంటివాణ్ణి చూసి "స్క్వేర్ లెగ్ అంపైర్‌తో కబుర్లకి పోతున్నాడ్రా" అనేవాళ్ళం. నేను ఊరుకోకుండా రోజూ సాయంత్రం పెరట్లో స్ట్రెయిట్ బ్యాట్ నేర్పించాను. బ్యాట్ నిలువుగా దింపడం మరిగిన పిల్లవాడికి నడుమెత్తులో వచ్చే బంతి ఏం తగులుతుంది? ఉన్నది కాస్తా పోయింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే హాలిడే వచ్చాడు. 2022 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త కుర్రాళ్ళని వంతులవారీగా ఎంచుకునే చోట, దేశం మొత్తంలో మొట్టమొదట ఎంపికైనవాడు. సంతకానికి ఓరియోల్స్ ఇచ్చింది 81 లక్షల 90 వేల డాలర్లు. తండ్రి మాట్ హాలిడే ఏడుసార్లు ఆల్‌స్టార్ జట్టుకి ఎంపికైనవాడు. 2024 సీజన్ మొదలయ్యేసరికి, ఇంకా పై మెట్టయిన మేజర్ లీగ్‌కి ఎక్కని ఆటగాళ్ళందరిలో ఇతనే నంబర్ వన్ అని జాబితాలన్నీ చెప్పాయి. ఏప్రిల్ 10న బోస్టన్‌లోని ఫెన్‌వే పార్క్‌లో మొదటి మేజర్ లీగ్ ఆట. నాలుగుసార్లు బ్యాటింగ్, ఒక్క హిట్ లేదు, అంటే కొట్టి క్షేమంగా బేస్ చేరింది ఒక్కసారీ లేదు. ఏప్రిల్ 14న సొంత మైదానంలో మిల్వాకీ మీద మొదటి సింగిల్ కొడితే జనమంతా లేచి నిలబడ్డారు. మా సోఫా మీద మావాడూ లేచాడు.

ఆ తర్వాత మళ్ళీ కరువు. పది ఆటలు, 34 అట్-బ్యాట్లు (లెక్కలోకొచ్చే బ్యాటింగ్ అవకాశాలు), 2 హిట్లు, 18 స్ట్రైకౌట్లు, అంటే కొట్టాల్సిన బంతిని మూడుసార్లు పోగొట్టుకుని ఔటవడం. యావరేజ్ .059, నూటికి ఆరు హిట్లు కూడా లేవు.

ఇంత గొప్పవాడికి ఎందుకు తగలడం లేదని మావాడు అడిగితే నా దగ్గర జవాబు లేక చదవడం మొదలుపెట్టాను. పిచ్చర్ నిలబడే మట్టిదిబ్బ నుంచి బ్యాటర్ ముందుండే హోమ్ ప్లేట్‌కి 60 అడుగుల 6 అంగుళాలు. గంటకి 95 మైళ్ళ వేగంతో వదిలిన బంతి దాదాపు 0.4 సెకన్లలో వచ్చేస్తుంది. బ్యాట్ తిప్పడానికే అందులో 0.15 సెకన్ల దాకా పోతుంది. అంటే బంతి ఇంకా సగం దారిలో ఉండగానే కొట్టాలా వదలాలా తేల్చుకోవాలి. ఆ తర్వాతే స్లైడర్ అనే బంతి వంగేది, వేగం తగ్గించి వేసిన ఛేంజప్ కిందికి జారేది. క్రికెట్ బ్యాట్ ముఖం నాలుగుంపావు అంగుళాల వెడల్పు, బల్లపరుపు. ఇక్కడి బ్యాట్ గుండ్రటి దుంగ, ఎంత లావున్నా 2.61 అంగుళాలు దాటకూడదు. గుండ్రటి దాంతో గుండ్రటి దాన్ని కొట్టాలి, అదీ రెండు గీతల మధ్యకి ముందుకే పోవాలి. మనం లేట్ కట్ అని మురిసిపోయేది ఇక్కడ ఫౌల్. నాకు అన్నిటికన్నా అన్యాయంగా తోచింది ఇదే.

ఇంకోటి కూడా ఉంది. మైనర్ లీగుల్లో పై మెట్టు ట్రిపుల్-ఎ. అక్కడి పిచ్చర్లూ వేగంగానే వేస్తారు, కానీ పొరపాట్లు ఎక్కువ చేస్తారు. ఆ పొరపాటు బంతుల్నే మంచి బ్యాటర్లు చితక్కొడతారు. మేజర్ లీగ్ పిచ్చర్ పొరపాటు తక్కువ చేస్తాడు, పైగా కొత్త కుర్రాడికి ఏ బంతి కష్టమో వీడియోలు చూసుకునే వస్తాడు. బలహీనత కనిపెడితే దాన్ని బ్యాటర్ సరిచేసుకునేదాకా అక్కడే వేస్తాడు. జాలి పడడు.

మా నాన్నకి ఇదంతా ఫోన్‌లో చెప్పాను. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. "మంచి బ్యాటర్ అంటే ఎంత కొట్టాలి?" అన్నారు. నాలుగింట్లో ఒకటి కొడితే ఉద్యోగం నిలబడుతుంది, పదింట్లో మూడు కొడితే స్టార్ అన్నాను. కాసేపు మాట లేదు. "నూటికి పాతిక మార్కులన్నమాట. నువ్వు తెస్తే ఇంట్లోకి రానిచ్చేవాణ్ణా?" రానిచ్చేవారు కాదు. నాకు బాగా గుర్తు.

ఏప్రిల్ 26న హాలిడేని కిందికి, నార్ఫోక్‌లో ఉన్న ట్రిపుల్-ఎ జట్టుకి పంపేశారు. మరుసటి వారం మావాడి కోచ్ నన్ను పక్కకి పిలిచాడు. ఇది కథలో అమర్చినట్టుంటుందని తెలుసు, ఏం చెయ్యను, అలాగే జరిగింది. అబ్బాయిని వాడి ఈడు పిల్లల డివిజన్‌కి మారిస్తే ఎలా ఉంటుంది, మీరు ఆలోచించుకోండి అన్నాడు. మర్యాదగానే చెప్పాడు. నాకు మాత్రం చెవులు వేడెక్కాయి. మా కాలనీలో ఇంకో రెండు తెలుగు కుటుంబాల పిల్లలు ఆ లీగ్‌లోనే ఉన్నారు. నేను ముందు ఆలోచించింది మావాడి గురించి కాదు, వాళ్ళకేం చెప్పాలా అని. రెండు రోజులు ఇంట్లో చెప్పనేలేదు. చెప్పాక మా ఆవిడ, "పెట్టిన మెయిల్ నీదే కదా, ఇప్పుడు వాడికి ఎందుకు చిన్నతనం?" అంది.

ఆ రెండు రోజుల్లో మికీ మాంటిల్ కథ కూడా చదివాను. 1951లో పంతొమ్మిదేళ్ళ వయసులో న్యూయార్క్ యాంకీస్‌కి ఆడుతూ, స్ట్రైకౌట్లు మితిమీరడంతో జులైలో కింది మెట్టులోని కాన్సాస్ సిటీ జట్టుకి దిగిపోయాడు. అక్కడా కొట్టలేక, ఆట మానేస్తానని తండ్రికి చెప్పాడు. ఓక్లహోమా గనుల్లో పనిచేసే ఆ తండ్రి వచ్చి, ఓదార్చకుండా కొడుకు బట్టలు సర్దడం మొదలుపెట్టాడట, వచ్చి గనిలో పని చేసుకో అని. మాంటిల్ ఆగిపోయాడు, ఆగస్టులో మళ్ళీ పైకి వచ్చాడు, తర్వాత సంగతి లోకానికి తెలుసు. ఇక్కడివాళ్ళు ఈ కథని గొప్పగా చెప్పుకుంటారు. నాకు మాత్రం నచ్చలేదు. "చదవకపోతే గేదెలు కాసుకో" అన్న మాట ఎంతమంది మీద పనిచేసిందో ఎవరూ లెక్క రాయలేదు, పనిచేసిన ఒక్కడి కథే మిగిలింది.

కింది డివిజన్‌కి మారతావా అని మావాణ్ణి అడిగితే వాడు అడిగింది ఒక్కటే. "హాలిడే కూడా వెళ్ళాడుగా నాన్నా?" వెళ్ళాడన్నాను. "అక్కడ రోజూ ఆడనిస్తారా?" రోజూ ఆడనిస్తారు. అంతే, బ్యాగ్ తగిలించుకున్నాడు. నాన్నకి ఇది ఎలా చెప్పాలో తెలియక, రంజీకి పంపారనుకోండి అన్నాను. ఆయన వెంటనే లక్ష్మణ్‌ని ఎత్తారు. ఇండియా జట్టులో చోటు నిలవని రోజుల్లో హైదరాబాద్‌కి ఆడి 1999-2000 రంజీ సీజన్‌లో 1,415 పరుగులు చేశాడు, మరుసటి ఏడాది ఈడెన్‌లో 281. "అయితే పర్లేదు" అన్నారు. అమెరికాలో జరిగేదానికి లక్ష్మణ్ హామీ సరిపోయింది.

కొత్త కోచ్ మొదటి రోజే నన్ను పెరటి కోచింగ్ మానేయమన్నాడు. బదులుగా ఒక పని ఇచ్చాడు. డజను టెన్నిస్ బంతుల మీద రంగు పెన్నులతో అంకెలు వేసి, నేను మోకాళ్ళ మీద కూర్చుని మెల్లగా విసరాలి. మావాడు కొట్టక్కర్లేదు, బ్యాట్ కూడా అక్కర్లేదు, నిలబడి అంకె చెప్పాలి. టెన్నిస్ బంతి తగిలినా నొప్పి ఉండదు కాబట్టి కాలు కదలదు. రెండు వారాలు ఇదే తంతు. బేస్‌మెంట్‌లో కూర్చుని అంకెల బంతులు విసురుతుంటే నేను బాలవాడి టీచర్నయ్యానా అనిపించేది. మొదట్లో పదింటికి మూడు సరిగ్గా చెప్పేవాడు, పోనుపోను ఏడు. తర్వాత స్టాండ్ మీద బంతి పెట్టి కొట్టడం, ఆ తర్వాత పక్కనుంచి ఎగరేస్తే కొట్టడం.

హిట్లు వెంటనే రాలేదు. రెండు ఆటల్లో వాక్‌లు మాత్రమే, అంటే చెడ్డ బంతులు నాలుగు వదిలేసి నడిచి మొదటి బేస్‌కి పోవడం. నాకది దానంలా తోచింది గానీ కోచ్ చప్పట్లు కొట్టాడు, బంతిని చూస్తున్నాడన్నాడు. మే నెలాఖరులో ఒకటి తగిలింది. గట్టి దెబ్బేం కాదు, పిచ్చర్ పక్కనుంచి దొర్లుకుంటూ పోయింది. వీడు పరిగెత్తడం మర్చిపోయి చూస్తూ నిలబడ్డాడు, అందరం అరిస్తే కదిలాడు. నేను వీడియో తియ్యలేదు, చేతులు వణికాయి.

హాలిడేని జులై 31న మళ్ళీ పిలిచారు. ఆ రోజే టొరంటో మీద, బేస్‌లన్నీ నిండి ఉండగా, తన మొదటి మేజర్ లీగ్ హోమ్‌రన్ (మన సిక్సర్ లాంటిది) కొట్టాడు. గ్రాండ్‌స్లామ్, అంటే ఒక్క దెబ్బకి నాలుగు పరుగులు. 439 అడుగులు పోయి మైదానం బయట యూటా స్ట్రీట్ మీద పడింది. మా ఇంట్లో అరుపులకి పక్కింటావిడ తలుపు కొట్టింది. కానీ దాంతో అంతా చక్కబడిపోలేదు. ఆ ఏడాది ముగిసేసరికి అతని యావరేజ్ .189. అదే జట్టులో కోల్టన్ కౌజర్ 2023లో 26 ఆటలాడి .115తో వెనక్కి వెళ్ళాడు, 2024లో 24 హోమ్‌రన్లు కొట్టి కొత్త ఆటగాళ్ళ అవార్డులో రెండో స్థానంలో నిలిచాడు. ఒక్కొక్కరికి ఒక్కో టైము పడుతుంది, ఎవరికెంతో జట్టువాళ్ళకీ తెలియదు. హాలిడే 2025లో .242 కొట్టాడు, 17 హోమ్‌రన్లు. నాన్న లెక్కలో ఇంకా పాతిక రాలేదు.

2025 వేసవిలో నాన్న మా దగ్గరికి వచ్చినప్పుడు ఓరియోల్స్ సొంత మైదానం క్యామ్డెన్ యార్డ్స్‌కి తీసుకెళ్ళాం. భయంకరమైన ఎండ. ఆయన టోపీ మీద తడిపిన రుమాలు కప్పుకుని, మనవడు చెప్పేదానికి తలాడిస్తూ కూర్చున్నారు. ఏడో నంబర్ చొక్కాతో హాలిడే వస్తుంటే పెద్ద స్క్రీన్ మీద యావరేజ్ పడింది. "వీడేనా మన పాతిక మార్కులవాడు?" అన్నారు. వీడే తాతయ్యా అన్నాడు మావాడు. హాలిడే మూడు బంతులు చూసి, నాలుగోది నేల మీదుగా కొట్టి, మొదటి బేస్ చేరకముందే ఔటయ్యాడు.

మా ఆవిడ గొడుగు సర్దుతూ, ఎండ తట్టుకోలేం, ఇక పోదామా మామయ్యగారూ అంది.

"ఆ కుర్రాడు మళ్ళీ ఎప్పుడొస్తాడు?" అని నాన్న మావాణ్ణి అడిగారు.

"మిగతా ఎనిమిది మంది అయ్యాక."

"అయితే ఉందాం" అని రుమాలు మళ్ళీ తడుపుకున్నారు.