రాతలో లేని నిర్బంధం

2022 జనవరిలో కేంద్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు ఒక అఫిడవిట్ సమర్పించింది. సమ్మతి లేకుండా ఎవరికీ బలవంతంగా కోవిడ్ టీకా వేయాలని తాము చెప్పలేదనీ, ఏ పనికైనా టీకా సర్టిఫికెట్ వెంట ఉండి తీరాలని తమ మార్గదర్శకాల్లో లేదనీ అందులో పేర్కొంది. అదే నెల 10వ తేదీ నుంచి చెన్నై సబర్బన్ రైళ్లలో రెండు డోసుల సర్టిఫికెట్ చూపిన వారికే టికెట్ ఇస్తామని, తమిళనాడు ప్రభుత్వ ఆంక్షలను అనుసరించి, దక్షిణ రైల్వే ప్రకటించింది. రైల్వే కూడా కేంద్రానిదే. ఆ సబర్బన్ మార్గానికి ఉత్తరపు కొస సూళ్లూరుపేట. అప్పటికి ఆ ఊరు మన నెల్లూరు జిల్లాలోనే ఉంది. తెల్లవారకముందే మెమూ ఎక్కి గుమ్మిడిపూండి ఫ్యాక్టరీలకో చెన్నైలో కూలి పనులకో పోయేవారికి ఢిల్లీలో దాఖలైన కాగితం సంగతి తెలియదు. తెలిసినా టికెట్ కౌంటరు దగ్గర అది అక్కరకు రాదు.

టీకా మంచిదా, చెడ్డదా అన్నది ఈ వ్యాసంలో నేను ఎత్తుకున్న విషయం కాదు. నేను వేయించుకున్నాను, ఇంట్లో పెద్దలకు దగ్గరుండి వేయించాను, మళ్లీ అలాంటి రోజులొస్తే మళ్లీ వేయిస్తాను. అయితే ప్రయాణాలకూ బహిరంగ ప్రదేశాలకూ టీకాను తప్పనిసరి చేయడంపై జరిగిన వాదనలో, సమాజ క్షేమం కోసం నిర్బంధించాల్సిందేనని ఒకరు, నా శరీరం నా ఇష్టమని మరొకరు అనడంతోనే మాట ఆగిపోయింది. నన్ను ఎక్కువగా కలవరపెట్టింది వేరే సంగతి. ప్రజారోగ్యం కోసం ప్రభుత్వం ఒక్కోసారి నిర్బంధం విధించవలసి రావచ్చు, కానీ ఆ నిర్బంధానికి ఒక ఉత్తర్వు నంబరు, కింద ఒక అధికారి సంతకం, ఏ తేదీ వరకు అమల్లో ఉంటుందన్న గడువు ఉండాలి. మన ఊళ్లలో మనం చూసిన నిర్బంధంలో చాలా భాగానికి ఇవేవీ లేవు.

మా వీధిలో ఒక పెద్దావిడ ఉంది, వితంతు పింఛనే ఆమెకు ఆధారం. 2021లో వార్డు వాలంటీరు వచ్చి, "అవ్వా, సూది వేయించుకోకపోతే వచ్చే నెల పింఛను పడదు" అని చెప్పి వెళ్లాడు. ఆ అబ్బాయి మంచివాడే, నాకు తెలిసినవాడే. ఏ ఆర్డర్‌లో ఉందబ్బాయ్ అని అడిగితే ఫోన్ తీసి, "గ్రూపులో పెట్టారు సార్" అని వాట్సాప్ సందేశం ఒకటి చూపించాడు. దానికి నంబరు లేదు, తేదీ లేదు, ఎవరి పేరూ లేదు. ఎవరో పంపినదాన్ని ఇంకెవరో పంపగా వచ్చినది. వార్డు సచివాలయంలో అడిగితే పైనుంచి వచ్చిందన్నారు. ఆ పై ఏదో కనుక్కోవడం నా వల్ల కాలేదు. ఆ తరువాతి నెల పింఛను వేయించుకోని వాళ్లకు కూడా వచ్చింది, కానీ ఆ పెద్దావిడ అప్పటికే భయపడి వెళ్లి వేయించుకుంది. మంచే జరిగింది కదా అనేవారున్నారు. ఆమె ఆరోగ్యం వరకు మంచే జరిగింది, కాదనను. కానీ ఎవరూ ఇవ్వని ఆజ్ఞపై ఎవరికని మొరపెట్టుకుంటాం? అది ఎప్పుడు రద్దయిందని ఎవరిని అడుగుతాం?

తిరుమల దేవస్థానం 2021 సెప్టెంబరులో పెట్టిన నిబంధన దీనికంటే నయం. రెండు డోసుల సర్టిఫికెట్ గానీ, దర్శనానికి మూడు రోజుల లోపు చేయించుకున్న పరీక్షలో నెగెటివ్ రిపోర్టు గానీ తేవాలని ప్రకటించారు. చెప్పింది ఎవరో తెలుసు, టీకా లేనివారికి రెండో దారి కూడా చూపారు. అయినా ఆ రెండో దారి అందరికీ ఒకే వెడల్పున లేదు. మా మేనత్తకు మొదటి డోసు వేసిన కాసేపటికే ఒళ్లంతా దద్దుర్లు లేచి, ముఖం వాచి, ఊపిరాడక అక్కడే ఇంజెక్షన్లు చేయవలసి వచ్చింది. రెండోది వేయించుకోవద్దని డాక్టరే చెప్పారు. అటువంటి ప్రతిచర్య వచ్చినవారికి అదే టీకా మళ్లీ వేయకూడదన్నది ప్రభుత్వ సూచనల్లో ఉన్న మాటే. కానీ ఆమె ఫోన్‌లోని సర్టిఫికెట్ ఒక డోసు అయినట్టు మాత్రమే చూపేది; వైద్య కారణాలతో మినహాయింపు అన్న గడి అందులో లేనే లేదు. ఉదయగిరి వైపు పల్లెలో ఉండే మనిషి నమూనా ఇచ్చి, అది ల్యాబుకు చేరి, ఫలితం సమయానికి చేతికంది, ఆపైన కొండకు చేరుకోవాలి. "రెండోది వేయించుకుంటే పోయేదానికి ఎందుకత్తా ఇంత తిరుగుడు" అని సొంతవాళ్లే విసుక్కున్నారు. ఆమె ఆ యేడు తిరుమల వెళ్లలేదు.

ప్రయాణానికి టీకా అడగడం కొత్త సంగతి కాదని వాదించేవారు ఎల్లో ఫీవర్ కార్డును చూపుతారు. నిజమే, ఆఫ్రికాలోని అనేక దేశాలకు ఉద్యోగాలకు పోయే మనవాళ్లు చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కో, హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)కో వెళ్లి ఆ సూది వేయించుకుని పసుపు కార్డు తెచ్చుకుంటారు. నాకు ఆ కార్డుపై ఏ అభ్యంతరమూ లేదు, ఎందుకంటే అది అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల్లో రాసిపెట్టిన ఏర్పాటు. సూది వేసిన పది రోజులకు అది చెల్లుబాటవుతుంది, 2016 జులై నుంచి జీవితాంతం చెల్లుతుంది, టీకా పడనివారికి డాక్టరు రాసి ఇచ్చే మినహాయింపునకు చోటుంది, కార్డు లేకుండా దిగినవారిని ఎన్ని రోజులు విడిగా ఉంచవచ్చో కూడా ముందే తెలుసు. పైగా ఆ టీకా ఆ వ్యాధిని దాదాపుగా రానివ్వదు. కోవిడ్ టీకా విషయంలో ఈ చివరి మాట నిలవలేదు. 2021 నవంబరులో ఒమిక్రాన్ బయటపడే నాటికి, రెండు డోసులు ప్రాణాపాయం నుంచి బాగానే కాపాడుతున్నా, వ్యాధి సోకకుండా ఆపడంలో మాత్రం చాలా బలహీనపడ్డాయి. సూళ్లూరుపేట కౌంటరులో సర్టిఫికెట్ అడిగింది సరిగ్గా ఆ రోజుల్లోనే. పక్క సీటులోని వారిని కాపాడడం కోసమన్న కారణం సడలిపోయిన తరువాత నిబంధన బిగిసింది.

సుప్రీంకోర్టు 2022 మే 2న ఇచ్చిన తీర్పు ఈ సందునే పట్టుకుంది. పిల్లల వైద్యుడు జాకబ్ పులియెల్ వేసిన పిటిషన్‌పై జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు, జస్టిస్ బి.ఆర్. గవాయ్ ధర్మాసనం, రాజ్యాంగం 21వ అధికరణం కింద శరీరంపై వ్యక్తికి హక్కు ఉందనీ, ఎవరినీ టీకా వేయించుకోమని బలవంతపెట్టరాదనీ చెప్పింది. అలాగని ప్రభుత్వ టీకా విధానాన్ని తప్పుపట్టలేదు. సమాజం కోసం వ్యక్తి హక్కులపై పరిమితులు విధించే అధికారం ప్రభుత్వానికి ఉందని ఒప్పుకుంటూనే, ఆ పరిమితి అవసరానికి తగినంతే ఉండాలని గీత గీసింది. టీకా వేయించుకోనివారి నుంచి వ్యాధి ఎక్కువగా వ్యాపిస్తుందని చూపే సమాచారాన్ని ఏ ప్రభుత్వమూ తమ ముందు పెట్టలేదు కాబట్టి, బహిరంగ ప్రదేశాల్లో వారిపై పెట్టిన ఆంక్షలు తగినవిగా కనిపించడం లేదనీ, కేసులు తక్కువగా ఉన్నంతకాలం వాటిని సమీక్షించాలనీ సూచించింది. ఈ తీర్పును టీకా వ్యతిరేకులు తమ విజయంగా చాటుకున్నారు. తీర్పు మొత్తం చదివితే వారికి అంత సంతోషం మిగలదు.

సర్టిఫికెట్ చూపలేనివారంతా మొండివారేనన్న భావన కూడా మనలో బలంగా ఉండేది. సముద్రం ఒడ్డున, పులికాట్ సరస్సు చుట్టూ, చేపల చెరువుల గట్లపై బతికే యానాది గిరిజనుల్లో ఆధార్ కార్డు లేనివారు ఎంతోమంది. గుర్తింపు కార్డులు లేనివారికి కూడా టీకా వేసే పద్ధతి కేంద్రం 2021 మేలో పెట్టింది గానీ, అలా వేయించుకున్న మనిషి సర్టిఫికెట్‌ను ఏ ఫోన్‌లో చూపాలి? కొవాగ్జిన్ వేయించుకున్నవారిది మరో రకం ఇబ్బంది. ఏది వేయాలో ఎంచుకునే వీలు మన కేంద్రాల్లో పెద్దగా ఉండేది కాదు, ఆ రోజు ఏ పెట్టె వస్తే అదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొవాగ్జిన్‌ను గుర్తించినది 2021 నవంబరు 3న. అంతవరకు చాలా దేశాల లెక్కలో ఆ రెండు డోసులు వేయించుకున్నవారు అసలు టీకా వేయించుకోనివారే. కోవిషీల్డ్ వారిని సైతం బ్రిటన్ కొన్నాళ్లు అలాగే చూసింది. మన దేశం అక్టోబరు 4 నుంచి బ్రిటన్ ప్రయాణికులకు పది రోజుల క్వారంటైన్ పెట్టాక, 11 నుంచి వాళ్లు దారికొచ్చారు. శాస్త్రం పేరు చెప్పి పెట్టిన నిబంధన వారం తిరగకుండా దౌత్యంతో మారడం అప్పుడే చూశాం.

నెల్లూరు వాళ్లం గనుక కృష్ణపట్నం మాట ఎత్తకుండా ఉండలేను. 2021 మేలో, కర్ఫ్యూ నడుస్తుండగా, ఆనందయ్య కోవిడ్‌కు ఇచ్చే నాటు మందు కోసం ముత్తుకూరు మండలంలోని ఆ ఊరికి జనం వేలల్లో పోటెత్తారు. ఆక్సిజన్‌తో ఉన్న రోగులను అంబులెన్సుల్లో కూడా తెచ్చారు. పింఛను ఆగుతుందని వారినెవరూ బెదిరించలేదు. ఆ మందు పనిచేస్తుందని ఏ పరీక్షా తేల్చలేదు, నేనూ దాన్ని సమర్థించను. కానీ సొంతూరి మనిషి ఉచితంగా, తన చేత్తో ఇస్తున్నాడన్న నమ్మకం ఎంత దూరం నడిపిస్తుందో అక్కడ కళ్లారా కనిపించింది. టీకాపై భయం ఉన్నవారిలో చాలామంది ఆ వరుసల్లో గంటల కొద్దీ నిలబడ్డారు.

నిర్బంధంపై నా అభ్యంతరానికి వైద్యవృత్తిలో ఉన్న నా మిత్రుడు చెప్పే జవాబు బలమైనదే. పడకలు దొరక్క, ఆక్సిజన్ అందక మనుషులు పోతున్నప్పుడు ఒక్కొక్కరినీ నచ్చజెప్పుతూ కూర్చునే వ్యవధి ఉండదనీ, టీకా లేక జబ్బు ముదిరినవాడు ఆక్రమించే పడక మరొకరికి దక్కకుండా పోతుందనీ, కాబట్టి అది కేవలం సొంత నిర్ణయం కాదనీ అంటాడు. 2021 మే నాటి నెల్లూరు పెద్దాసుపత్రినీ ఒంగోలు రిమ్స్‌నూ తలచుకుంటే కాదనలేను. కానీ ఆ మే నెలలో కొరత టీకాకే ఉంది, వేయించుకునేవారికి కాదు. అందరికీ అందుబాటులోకి వచ్చాక నిర్బంధాలు వచ్చాయి, అప్పటికి ఆసుపత్రుల పరిస్థితి వేరు.

పోలియోను మనం ఏ గేటు దగ్గరా ఎవరినీ ఆపకుండానే తరిమాం. 1995లో పల్స్ పోలియో మొదలైంది, 2011 జనవరి తరువాత దేశంలో సహజ వైరస్ వల్ల వచ్చిన పోలియో కేసు లేదు, 2014 మార్చిలో ధ్రువీకరణ వచ్చింది. ఆ ఆదివారాల్లో బస్టాండుల్లో, రైల్వే స్టేషన్లలో బల్లలు వేసేవారు. ఆశా కార్యకర్త నీలం పెట్టె భుజానికి తగిలించుకుని కదలబోతున్న బస్సు ఎక్కి, ఒళ్లో ఉన్న బిడ్డ ఎడమ చేతి చిటికెన వేలు తిప్పి చూసి, గుర్తు లేకపోతే రెండు చుక్కలు వేసి, వేలికి సిరా రాసి, బస్సు మలుపు తిరిగేలోగా దిగిపోయేది. ప్రయాణం అక్కడ టీకా అందించే అవకాశం అయింది. సూళ్లూరుపేట స్టేషనులో టికెట్ నిరాకరించిన కిటికీ పక్కనే ఒక బల్ల, ఒక ఏఎన్ఎం ఉండి ఉంటే ఆ నిబంధనను నేను ఇంత దూరం ప్రశ్నించేవాణ్ణి కాదు.

ఇక మిగిలింది పరిహారం సంగతి. టీకా వల్ల తీవ్రమైన నష్టం జరిగేది బహు అరుదు, కానీ జరిగిన ఇంటికి అరుదన్న మాట ఊరట కాదు. బ్రిటన్‌లో టీకాతో తీవ్ర వైకల్యం కలిగితే 1,20,000 పౌండ్లు చెల్లించే చట్టబద్ధమైన ఏర్పాటు ఉంది. మన దగ్గర టీకా తరువాత చనిపోయిన ఇద్దరు యువతుల తల్లిదండ్రులు సుప్రీంకోర్టుకు వెళ్తే, 2022 నవంబరులో కేంద్రం ఇచ్చిన జవాబు, టీకా స్వచ్ఛందమే గనుక నష్టానికి ప్రభుత్వం బాధ్యత వహించదనీ, సివిల్ కోర్టుకు వెళ్లవచ్చనీ. కౌంటరు దగ్గర తప్పనిసరి అయినది కోర్టులో స్వచ్ఛందం అయింది. మళ్లీ ఎప్పుడైనా ఇటువంటి నిబంధన పెట్టదలిస్తే, ఉత్తర్వును సచివాలయం నోటీసు బోర్డుపై సంతకంతో, గడువుతో, మినహాయింపులతో అంటించి, నష్టపోయినవారికి ఎవరు ఎంత చెల్లిస్తారో అదే కాగితం అడుగున రాయాలి.