నలగని లినెన్ కావాలా? అయితే లినెన్ కొనకండి

మా టైలరింగ్ షాపు చెన్నై వెస్ట్ మాంబళంలో. ఎండలు ముదరగానే లినెన్ షర్ట్ బిట్లు పట్టుకుని జనం వస్తారు. కుట్టించుకుని వెళ్లినవాళ్లలో చాలామందిది ఒకటే ఫిర్యాదు: "అన్నా, ఇస్త్రీ చేసి వేసుకుంటే ఎలక్ట్రిక్ ట్రెయిన్ దిగేలోపే నలిగిపోతోంది." నలగక ఏం చేస్తుంది?

లినెన్ అంటే అవిసె కాడ నుంచి తీసే నార. గింజలు వేయించి కారప్పొడి కొట్టుకుంటామే, ఆ అవిసే. మన దేశంలో దాన్ని ఎక్కువగా గింజల కోసమే వేస్తారు. బట్టకు పనికొచ్చే పొడుగు నార ఫ్రాన్స్‌లోని నార్మండీ, బెల్జియం వైపు బాగా పండుతుంది. అక్కడ మొక్కను కొయ్యరు. నార పొడవు తగ్గకుండా వేళ్లతో సహా పీకి, కాడ నానిపోయి నార విడివడేందుకు పొలంలోనే పరుస్తారు. మన ఊళ్లలో గోగుకట్టలు చెరువులో నానేసినట్టే, కాకపోతే అక్కడ ఆ పని మంచూ వానా చేస్తాయి.

ఈ నార పత్తికంటే బలమైంది, కానీ సాగదు. మడిస్తే మడిచినట్టే ఉండిపోతుంది. ఆ బిరుసు వల్లే గుడ్డ ఒంటికి అతుక్కోదు, లోపల గాలి ఆడుతుంది. చెమట బాగా పీల్చి తొందరగా ఆరుతుంది. మద్రాసు ఉక్కలో ఇంతకంటే ఏం కావాలి? ముడతలు వద్దు, చల్లదనం కావాలి అంటే కుదరదు.

ఈమధ్య 'లినెన్ లుక్' అని రాసిన బిట్లు ఎక్కువైపోయాయి. ఒక కస్టమర్ మంచి ధర పోసి కొన్నది తెస్తే అంచు నుంచి పోగు లాగి వెలిగించాను. చివర నల్లటి గట్టి పూస మిగిలింది. పాలియెస్టర్. అసలు లినెన్ కాగితంలా కాలి మెత్తటి బూడిదవుతుంది. విస్కోస్ (కలప గుజ్జుతో చేసే పోగు) కూడా అలాగే కాలుతుంది కాబట్టి రెండో పరీక్ష ఉంది: పోగు మధ్యలో తడిచేసి రెండు చేతులతో లాగండి. విస్కోస్ తడిసినచోటే పుటుక్కున తెగుతుంది. లినెన్ తడిస్తే ఇంకా గట్టిపడుతుంది.

బిట్ మీద 40 లీ, 60 లీ అని ఉంటే అది నూలు సన్నదనం లెక్క. ఒక పౌను నూలులో 300 గజాల చిలపలు ఎన్ని వస్తే అన్ని లీలు. 60 లీ అంటే పౌనుకు 18,000 గజాలన్నమాట. నంబరు పెరిగేకొద్దీ గుడ్డ పలచన. ప్యాంటుకు పెద్ద నంబరు తెచ్చి మోకాళ్ల దగ్గర జారిందని నన్ను అడగొద్దు.

నేనైతే లినెన్‌ను నీళ్లలో నానబెట్టి, ఆరేసి, అప్పుడే కత్తెర పెడతాను. మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది మరి. అంచులు పోగులు ఊడతాయి కాబట్టి కుట్టుకు బట్ట కాస్త ఎక్కువ వదులుతాను. ఇస్త్రీ కొంచెం తడిగా ఉన్నప్పుడే చెయ్యండి, పూర్తిగా ఆరాక ఎంత రుద్దినా లొంగదు. కాలర్ మడత మీద మాత్రం పెట్టె నొక్కి పట్టొద్దు. ఎప్పుడూ ఒకేచోట నొక్కితే ఆ గీత వెంబడే పోగులు విరుగుతాయి. నా దగ్గరికి రిపేరుకొచ్చే లినెన్ చొక్కాలు ఎక్కువగా అక్కడ చిరిగినవే.

మే నెల కత్తిరి ఎండల్లో వేసుకోవాలంటే బిట్ మార్చిలోనే తెచ్చివ్వండి. ఏప్రిల్ దాటితే పెళ్లి బ్లౌజుల మధ్య మీ చొక్కాకు నేను తేదీ చెప్పలేను.