మొదటి సంచికకు ముందు ఆదివారం

మహబూబ్‌నగర్, రాత్రి 10.

మా ఆధ్యాత్మిక వెబ్ పత్రిక మొదటి సంచిక రావడానికి ఇంకా ఆరు రోజులే ఉంది. ఇవాళంతా అక్షరాలతోనే గడిచింది. ఆధ్యాత్మిక పత్రిక అంటే రచనల ఎంపికే పెద్ద పని అనుకుంటాం గానీ, కీర్తనను తప్పుల్లేకుండా తెర మీదికి తేవడం అంతకంటే కష్టం. కథలో అచ్చుతప్పు పడితే పాఠకుడే దిద్దుకుని చదువుకుంటాడు. కీర్తనలో పడితే ఆ తప్పునే పాడతారు. ఫోన్ చూసి పాడే భజన బృందాలకు పత్రికే జవాబు చెప్పాలి.

పొద్దున పాత అచ్చు పుటల స్కానింగ్. కంప్యూటర్ చదివి ఇచ్చిన పాఠంలో తప్పులన్నీ ఒకే తీరుగా ఉంటాయి: 'ప' కాస్తా 'వ' అవుతుంది, 'థ' 'ధ' అవుతుంది. 'పాదము' అన్నచోట 'వాదము' వచ్చి కూర్చుంటే భక్తి తర్కమైపోతుంది! పాత పుస్తకాల్లోని వలపలగిలకను, అంటే అక్షరం పక్కన 'ర్'కు బదులు వేసే గుర్తును, యంత్రం తెలుగు తొమ్మిది అంకె '౯' అనుకుంటుంది. 'ధమ౯ము' అని కనబడితే 'ధర్మము' అని చేత్తో మార్చాల్సిందే. అందుకే ఒకరు మూలం పైకి చదవడం, ఇంకొకరు తెర చూడడం. ఒక్కరే కూర్చుంటే కన్ను తనకు తెలిసిన మాటనే చదివేస్తుంది.

'అను' అనే పాత డీటీపీ ఫాంట్లలో వచ్చిన రచనలది ఇంకో తంటా. యూనికోడ్‌లోకి మార్చాక ఒత్తులు చెదురుతాయి. కొందరు నేరుగా టైపు చేస్తూ అక్షరం పక్కన వచ్చే సున్న 'ం'కు బదులు తెలుగు సున్నా అంకె '౦' కొడతారు. చూడ్డానికి తేడా తెలియదు, కానీ 'శంకరుడు' అని వెతికితే ఆ పుట దొరకదు, చూపులేనివారికి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ తడబడుతుంది. ప్రతి ఫైల్లో ముందుగా ఆ '౦' వెతికి మార్చేయడం మేలు.

పుటకు మండలి ఫాంటు పెట్టాం, వరుసల మధ్య ఎడం అక్షరం కొలతకు 1.8 రెట్లు. 1.4 పెడితే పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల మీద పడ్డాయి. పద్యపాదం ఫోన్‌లో విరిగినా రెండో ముక్క కొంచెం లోపలికి జరిగేట్టు చేశాం. లేకపోతే నాలుగు పాదాలు ఎనిమిదిగా కనబడతాయి.

రచనలకు కొదవ లేదు. తెలంగాణలో తెలుగు కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులను చేర్చి చూపించిన సురవరం ప్రతాపరెడ్డిది ఈ నేలే కదా. ఇక్కడి సంకీర్తనకారులు మన్నెంకొండ హనుమద్దాసు, వేపూరు హనుమద్దాసు కీర్తనలకు విడి భాగం పెట్టాం. ఇద్దరి పేరూ ఒకటే కాబట్టి చివరి చరణంలో పేరు చూసి కర్తను తేల్చకూడదు. ఏ దైవాన్ని తలిచారో, ఏ ఊరి ప్రస్తావన ఉందో చూడాలి.

మధ్యాహ్నం బొమ్మలు. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే వివరం పోతుంది, డాక్యుమెంటుగా పంపమని చిత్రకారులకు చెప్పాం. చిత్రాన్ని ఫొటో తీసేవాళ్లు ఫ్లాష్ ఆపి, నీడపట్టున, కెమెరాను చిత్రానికి సమాంతరంగా పట్టాలి. పక్కన తెల్ల కాగితం ఉంచితే రంగు సరిచూసుకోవచ్చు. అలంపురం నవబ్రహ్మ ఆలయాల ఫొటోలకు 1600 పిక్సెళ్ల వెడల్పు చాలు. అసలు ఫైళ్లు విడిగా దాచాం.

హక్కుల సంగతి తేలిగ్గా తీసుకోకూడదు. రచయిత పోయిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు లెక్క. 1965లో పోయినవారి రచనలు 2025 చివరిదాకా వారసులవే. పాత కీర్తనే అయినా ఇటీవల ఒకరు రాసిన వ్యాఖ్యకు వేరే అనుమతి కావాలి.

సాయంత్రం ఒక తత్వం దగ్గర ఆగాం. ఒక ఊరి బృందం 'మాయ పొర' అని పాడింది, ఇంకో ఊరివాళ్లు 'మాయ చెర' అన్నారు. ఏది సరైనదని తేల్చే పని పత్రికది కాదు. రెండు పాఠాలూ వేస్తున్నాం, ఏది ఏ ఊరిదో కింద రాసి. యాసను దిద్దడం లేదు. రెండో ఊరి రికార్డింగులో మూడో చరణం తాళాల మోతలో వినబడలేదు. రేపు పొద్దున ఫోన్ చేసి, తాళాలు లేకుండా ఒక్కసారి చదివి వినిపించమని అడగాలి.