రింగ్ రోడ్డు సైకిల్ లేన్ పోయాక

2020లో బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు అంచున బొల్లార్డులు (వాహనాలు రాకుండా అడ్డుపెట్టే పొట్టి స్తంభాలు) నాటి సైకిల్ లేన్ వేయడం మొదలుపెట్టినప్పుడు, సిల్క్ బోర్డు నుంచి కె.ఆర్.పురం దాకా దాదాపు 17 కిలోమీటర్లు అది సాగుతుందని విని, ఏళ్ల తరబడి మూలపడి ఉన్న సైకిల్‌ను బాగు చేయించుకున్నాను. నగరాల్లో సైకిల్ వాడకాన్ని పెంచేందుకు కేంద్రం ఆ ఏడాది పెట్టిన ‘సైకిల్స్ ఫర్ చేంజ్’ పోటీలో మన వరంగల్‌తో పాటు బెంగళూరు కూడా ఎంపికైందని తెలిసి ఎంతో సంతోషించాను. కొద్దికాలానికే బొల్లార్డులు విరిగాయి, లేన్‌లో కార్లు నిలిచాయి. తర్వాత మెట్రో బ్లూ లైన్ పనులు రావడంతో ఆ దారి ఆనవాలు కూడా మిగలలేదు.

మెట్రో రావలసిందే, అందులో రెండో మాట లేదు. అయితే కార్లు వెళ్లే దారిని మూస్తే మళ్లింపు బోర్డులూ పోలీసులూ ముందే సిద్ధమవుతారు గానీ, సైకిల్ దారిని మూసినప్పుడు అక్కడొక దారి ఉండేదన్న సంగతే ఎవరికీ పట్టదు. రోడ్డు తవ్వే ప్రతి కాంట్రాక్టులోనూ, పని జరిగినన్నాళ్లూ సైకిళ్లకు వేరే దారి చూపాలనీ, ముగిశాక లేన్‌ను మళ్లీ వేయాలనీ, ఆ తర్వాతే చివరి బిల్లు చెల్లించాలనీ షరతు ఉండాలి. నగరపాలన చేయగలిగిన వాటిలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఇదే.

మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ది మదనపల్లె. రోజూ సైకిల్ మీదే డ్యూటీకి వస్తాడు. “ఆ లేన్ ఉన్నన్నాళ్లూ వెనకాల ఏం వస్తాందో అని తిరిగి చూసే పనే లేదు సార్” అన్నాడొకసారి. నేను కావాలంటే క్యాబ్ ఎక్కగలను. ఆయనకు ఆ వీలు లేదు. సైకిల్ దారుల గురించి మాట్లాడేటప్పుడు వారాంతపు సరదా కన్నా ముందు ఇలాంటివారు గుర్తుకు రావాలి.

స్పెయిన్‌లోని సెవిల్ నగరం 2006 తర్వాత కొద్ది ఏళ్లలోనే సుమారు 80 కిలోమీటర్ల రక్షిత దారులను ఒకదానితో ఒకటి కలిసేలా నిర్మించి, అందుకోసం పార్కింగ్ స్థలాన్ని కూడా వదులుకుంది. అలా కలపకుండా ముక్కలుగా వేసిన లేన్, సర్వీసు రోడ్డు వచ్చి కలిసేచోట, అంటే ప్రమాదం ఎక్కువగా ఉన్నచోటే, మనల్ని వదిలేస్తుంది.

కర్ణాటక పట్టణ భూ రవాణా విభాగం నడకకూ సైకిల్‌కూ హక్కు కల్పించే యాక్టివ్ మొబిలిటీ బిల్లు ముసాయిదాను ఏనాడో సిద్ధం చేసింది. 2025లో నగరం అయిదు కార్పొరేషన్లయింది. రింగ్ రోడ్డు మాత్రం వాటి సరిహద్దులు చూసి ఆగదు కాబట్టి, సైకిల్ దారులన్నిటి బాధ్యత ఒక్క సంస్థకే అప్పగించాలి. మెట్రో స్తంభాల కింద రోడ్డును తిరిగి వేసేందుకు గీసే డ్రాయింగుల్లో సైకిల్ లేన్ ఉందో లేదో, తారు పడకముందే మా వార్డు సమావేశంలో అడగాలని నిర్ణయించుకున్నాను.