మూడు లక్షల ఎయిర్ రైఫిల్ కొనాలా?

మా అమ్మాయికి రైఫిల్ షూటింగ్ పిచ్చి పట్టి ఏడాదైంది, ఇప్పుడు జర్మనీ రైఫిల్ కావాలంటోంది, ధర మూడు లక్షల దగ్గర. విజయనగరంలో ఆ డబ్బుకి ఏమేం వస్తాయో మా ఆవిడ గంట స్తంభం దాకా వినిపించేలా చెప్పింది.

ముందు నాకూ అర్థం కాలేదు, పది మీటర్ల దూరానికి అంత ఖరీదైన తుపాకీ ఎందుకని. కానీ టార్గెట్ మీద పది పాయింట్ల చుక్క వెడల్పు 0.5 మిల్లీమీటర్లే, గుండు 4.5. మా దగ్గరున్న స్ప్రింగ్ తుపాకీలో, గుండు గొట్టం దాటకముందే లోపలి పిస్టన్ కొట్టుకుని తుపాకీ అదురుతుంది, అంటే పిల్ల ఎంత బాగా గురిపెట్టినా అది కాస్త పక్కకి లాగేస్తుంది. ఖరీదైన దాంట్లో ముందే నింపిన గాలి, సుమారు 200 బార్ ఒత్తిడి, అదురు దాదాపు ఉండదు. ట్రిగ్గర్, బట్ (భుజానికి ఆనించే వెనక భాగం) కూడా మనిషికి తగ్గట్టు మార్చుకోవచ్చు.

సరే, మరి గాలి ఎక్కడ నింపాలి? టైర్ల షాపు కంప్రెసర్ ఆ ఒత్తిడికి దరిదాపుల్లోకి రాదు. చేతి పంపు కొంటే రోజూ కొట్టాల్సింది నేనే!

"బావా, సెకండ్‌హ్యాండ్ చూడు, మిగిలిన డబ్బు షూటింగ్ జాకెట్‌కీ తుపాకీ గుండ్లకీ పెట్టు" అన్నాడు మా బావమరిది. నాకదే నచ్చింది, పిల్ల ఇంకా ఎదుగుతోంది కదా. అమ్మాయి మాత్రం రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు.