ఎండాకాలం సెలవుల్లో బడి భోజనం: నా అనుభవం

అది 2016. పాలమూరు అప్పటికింకా ఒకటే జిల్లా. వరుస కరువుతో ఊళ్ళో పనుల్లేక చాలామంది ముంబై, పూణే, హైదరాబాద్ వలసపోయారు. పిల్లలు ముసలివాళ్ళ దగ్గర మిగిలారు. కరువు ప్రాంతాల బడుల్లో వేసవి సెలవుల్లోనూ మధ్యాహ్న భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2004లోనే చెప్పింది. 2016 మే 13న ఇంకోసారి గట్టిగా చెప్పింది. మా మండలం కరువు జాబితాలో ఉంది. ప్రాథమిక పాఠశాల హెడ్మాస్టరుని కాబట్టి పని నా నెత్తిన పడింది.

బియ్యానికి ఇబ్బంది కాలేదు. తలకు 100 గ్రాముల లెక్కన ఇండెంట్ పెడితే సన్నబియ్యం వచ్చేశాయి. అసలు చిక్కంతా వంట దగ్గరే. వంటమనిషికి అప్పట్లో గౌరవ వేతనం నెలకు 1,000 రూపాయలు, అదీ ఏడాదికి 10 నెలలకే. మిగతా రెండు నెలలు బడి ఉండదు కదా అని సర్కారు లెక్క.

"వండమంటే వండుతం సారూ. గని ఈ రెండు నెలల పైసలు ఎవలిస్తరు?" అంది మా వంట అక్క.

న్యాయమైన ప్రశ్న. మండల ఆఫీసులో అడిగితే "ముందు మొదలుపెట్టండి, తర్వాత చూద్దాం" అన్నారు. ఆ మాటే కాగితం మీద రాసివ్వమన్నాను. ఇవ్వలేదు. దాంతో అక్క వండిన ప్రతిరోజూ సంతకం పెట్టేలా వేరే రిజిస్టరు తెరిచాను. పిల్లల హాజరూ అందులోనే.

బడి బోరు ఎండిపోయింది. పంచాయతీ ట్యాంకరు వచ్చినప్పుడే డ్రమ్ములు నింపుకోవాలి. అది రాని రోజు టెన్షనే.

మొదట్లో పిల్లలు పెద్దగా రాలేదు. సెలవులిచ్చి మళ్ళీ బడికి రమ్మంటే ఎవరు నమ్ముతారు? ఊళ్ళో చాటింపు వేయించాం. మధ్యాహ్నం ఒంటిగంటకు చెప్పుల్లేని పిల్లలు ఆ ఎండలో ఇంటికెలా పోతారని పొద్దున పదిన్నరకల్లా వడ్డించడం మొదలుపెట్టాం. అప్పుడు మేకల వెంట పోయే పిల్లలు కూడా తినిపోయారు. కొందరు చెల్లెళ్ళనీ తమ్ముళ్ళనీ చంకనెత్తుకుని వచ్చేవాళ్ళు. వాళ్ళ పేర్లు మా రిజిస్టరులో ఉండవు. అయినా పళ్ళెం పట్టుకొచ్చిన పిల్లను పొమ్మనే గుండె నాకైతే లేదు.

గుడ్డో పాలో వారానికి కనీసం మూడు రోజులైనా ఇవ్వాలంది కోర్టు. ఆ ఎండల్లో గుడ్లు తెచ్చి నిలవ పెట్టలేం. ఏ రోజువి ఆ రోజు కిరాణా కొట్లో ఉద్దెర తెచ్చాం. గుడ్డు ఉన్న రోజు వరస గేటు దాకా సాగేది.

వంట ఖర్చుల బిల్లు బడి తెరిచి, వానలు పడ్డాక గానీ రాలేదు. కొట్టు బాకీ తీర్చేశాం. సెలవుల్లో పనిచేసినందుకు మా టీచర్లకు ఈఎల్‌లు (జీతంతో కూడిన ఆర్జిత సెలవులు) సర్వీసు పుస్తకంలోకి ఎక్కాయి. అక్కకు రావాల్సిన డబ్బు కోసం మాత్రం ఆ రిజిస్టరు నకలు జతచేసి మళ్ళీ అర్జీ పెట్టాల్సి వచ్చింది.