ఆదివారం సాయంత్రానికి ఏ యాంప్?

ఆదివారం, మధ్యాహ్నం

ఎండ మండిపోతోంది. సాయంత్రం హైదరాబాద్ సంజీవయ్య పార్కులో ఒక ఉకులేలే (నాలుగు తీగల బుల్లి గిటార్ లాంటిది), ఒక గొంతు, చుట్టూ ఇరవై ముప్పై మంది. అక్కడ ప్లగ్ పాయింట్ దొరకదు. అందుకే భోజనాలయ్యాక కూడా బ్యాటరీ యాంప్‌ల, అంటే శబ్దం పెంచే స్పీకర్ పెట్టెల, లెక్కే నడుస్తోంది.

కొనేవాళ్లు ముందు అడిగేది వాట్లే. మిగతావన్నీ సమానమైతే 3 వాట్లకీ 30 వాట్లకీ తేడా 10 డెసిబెల్స్, చెవికి సుమారు రెండింతలు. అంతే, పదింతలు కాదు. బయట గోడలుండవు, శబ్దం తిరిగి రాదు. దూరం రెట్టింపైనప్పుడల్లా 6 డెసిబెల్స్ పోతాయి. కాబట్టి నలభై అడుగుల అవతల నిలబడ్డవాళ్లని దగ్గరికి పిలిచి కూర్చోబెట్టడం పెద్ద యాంప్ మోసుకెళ్లడం కన్నా మేలు.

పెద్ద బేస్ స్పీకర్ కూడా అక్కర్లేదు. మామూలు ట్యూనింగ్‌లో ఉకులేలే అట్టడుగు స్వరం 262 హెర్ట్జ్, కింది స్వరం పలికే లో-జీ తీగ వేస్తే 196. గిటార్ లాగా 82 దాకా దిగదు. దీని అందమంతా పైనుంది, గోరు తీగని తాకే ఆ చిన్న టిక్కులో. ఎలక్ట్రిక్ గిటార్ కోసం చేసిన బుల్లి యాంప్‌లలో ట్వీటర్ (పై స్వరాలు పలికే చిన్న స్పీకర్) ఉండదు, అక్కడ ఆ టిక్కు మొద్దుబారిపోతుంది.

అసలు చూడాల్సింది ఇన్‌పుట్, అంటే వయరు గుచ్చే చోటు, దాని నిరోధం ఎన్ని ఓంలు అని. ఇంట్లో ఉన్న బ్లూటూత్ పార్టీ స్పీకర్ మైక్ రంధ్రంలో వయరు గుచ్చేసి, రేకు డబ్బా వాయించినట్టుందని పికప్‌ని (తీగల కంపనాన్ని పట్టి వయరులోకి పంపే భాగాన్ని) తిడతారు. తప్పు పికప్‌ది కాదు. ఆ పికప్, అంటే తీగలు ఆనే సాడిల్ కింద ఉండే పియెజో పట్టీ, ఒక చిన్న కెపాసిటర్ లాంటిది. దాని విలువ 1 నానోఫారడ్ అనుకుంటే, 1 మెగా ఓం ఇన్‌పుట్‌లో 160 హెర్ట్జ్ గీతకి దిగువన మాత్రమే శబ్దం తగ్గుతుంది, ఉకులేలేకి నష్టం లేదు. అదే పట్టీని 10 కిలో ఓంల ఇన్‌పుట్‌కి కలిపితే ఆ గీత 16,000 హెర్ట్జ్ దగ్గరికి పోతుంది. అంటే వాయిద్యం మొత్తం దాని కిందే పడి పలచబడిపోతుంది. బేస్ ఎంత తిప్పినా ఆ నిండుదనం రాదు. 1 మెగా ఓం లేని యాంప్ అయితే మధ్యలో ప్రీయాంప్ (పికప్ సిగ్నల్‌ని యాంప్‌కి తగ్గట్టు మార్చే చిన్న పెట్టె) పెట్టాల్సిందే. ఉకులేలేలోనే ప్రీయాంప్ ఉంటే ఈ గొడవ లేదు. కానీ చాలావాటిలో జాక్ గుచ్చి ఉన్నంతసేపూ దాని బటన్ సెల్ ఖర్చవుతూనే ఉంటుంది, వాయించనప్పుడు జాక్ పీకేయాలి.

రోలాండ్ మైక్రో క్యూబ్ జీఎక్స్ 3 వాట్లు, 5 అంగుళాల స్పీకర్ ఒక్కటే. గదిలో సాధనకి చక్కటిది. రోలాండ్ మొబైల్ ఏసీ 5 వాట్లే అయినా అకూస్టిక్ వాయిద్యాల కోసమే చేసింది, మైక్ ఇన్‌పుట్ వేరుగా ఉంది. ఇరవై మందికి నా ఓటు దీనికే. జనం వంద దాటితే 50 వాట్ల క్యూబ్ స్ట్రీట్ ఈఎక్స్, దానికి పెన్సిల్ సెల్స్ ఎనిమిది. ఫిష్‌మన్ లౌడ్‌బాక్స్ మినీ చార్జ్ స్వరం నాకు అన్నిటికన్నా ఇష్టం, 60 వాట్లు. కానీ బరువు పది కిలోలకి కాస్తే తక్కువ, మెట్రో దిగి నడిచేవాళ్ల భుజం ఒప్పుకోదు.

పెన్సిల్ సెల్స్‌తో నడిచేవాటికి ఒక మేలుంది: అయిపోతే ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతాయి. ఆల్కలైన్ ఆరు వేస్తే 9 వోల్టులు. రీచార్జబుల్ అయితే ఆరూ కలిపి 7.2 మాత్రమే, అందుకే కొన్ని యాంప్‌లలో నిండుగా ఉండగానే ఎర్ర లైటు వెలుగుతుంది. బ్యాటరీ తగ్గుతున్న సంగతి ముందు చెప్పేది లైటు కాదు, గట్టిగా స్ట్రమ్ చేసినప్పుడు వచ్చే బరబర. పాతవీ కొత్తవీ కలపకూడదు. లోపలే లిథియం ప్యాక్ ఉన్నదాన్ని మే నెలలో ఆపి ఉంచిన కారులో వదలొద్దు. తెచ్చిన వెంటనే చార్జింగ్‌కీ పెట్టొద్దు, చల్లారాక పెట్టాలి.

నేలమీద పెడితే శబ్దమంతా ముందు వరస మోకాళ్లకి తగులుతుంది. ప్లాస్టిక్ స్టూల్ మీద, వాయించేవాళ్ల పక్కన, ముఖం జనం వైపు, కాస్త పైకి వంచి పెట్టాలి. వెనక పెడితే ఉకులేలే బోలు పెట్టె ఆ శబ్దాన్నే పట్టుకుని కూయడం మొదలెడుతుంది. అప్పుడు మొత్తం వాల్యూమ్ తగ్గించకుండా ముందు మిడ్ (మధ్య స్వరాల మీట) కొద్దిగా దించి చూడాలి, నాచ్ (కూసే స్వరాన్ని మాత్రమే తగ్గించే మీట) ఉంటే అది తిప్పాలి. రివర్బ్ (ప్రతిధ్వని లాంటి మోత) ఎక్కువైనా కూత తొందరగా వస్తుంది. గాయకుల మైక్ వెనక భాగం యాంప్ వైపు ఉండాలి.

పార్కువాళ్ల అనుమతి ముందే తీసుకోవాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ నిషేధం, ఆసుపత్రికీ బడికీ 100 మీటర్ల లోపు నిశ్శబ్ద మండలం. నెక్లెస్ రోడ్డు హారన్ల హోరు ఏడు తర్వాత ఇంకా పెరుగుతుంది. ఐదున్నరకే మొదలుపెడితే వాల్యూమ్ సగంలోనే సరిపోతుంది. ఇంకో వయరు, బటన్ సెల్, పెన్సిల్ సెల్స్ ఇంకో సెట్టు సంచిలో పడేశాను.